సైకిలు నేర్పిన నిదానం

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గంలోని విద్యార్థులు అడిగినప్పుడు, ఎప్పటివలెనే భౌతికశాస్త్ర విషయమొకటి వ్రాస్తానన్నాను. "అది కాదు సార్, గోవా సంగతి వ్రాయండి" అన్నాడు వారిలో ఒకడు. అన్న మరుక్షణమే నాలుక కరచుకున్నాడు. నేను గోవాలో ఓడి వచ్చిన సంగతి కళాశాలలో అందరికీ తెలుసు. నా ఎదుట ఎవ్వరూ దానిని ప్రస్తావించరు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లిన సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. పరీక్ష తప్పిన విద్యార్థులను ఇరవై సంవత్సరాలుగా ఓదారుస్తున్నవాడిని, నేను తప్పిన పరీక్షను దాచుకోవడం న్యాయం కాదని తోచి ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

ట్రయాథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు అనే మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా, నడుమ విరామం లేకుండా పూర్తి చేయవలసిన పోటీ. బట్టలు మార్చుకొని బూట్లు తొడుక్కునే కాలం కూడా లెక్కలోనిదే. దీని సుదీర్ఘ రూపం 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలో ఒకటైన ఓహూలో పుట్టింది. ఈతగాళ్లు గట్టివారా, పరుగువీరులు గట్టివారా, సైకిలు తొక్కేవారు గట్టివారా అన్న వాదం తెగకపోగా, జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి ఆ దీవిలో అప్పటికే వేర్వేరుగా జరుగుతుండిన మూడు పోటీలను కలిపి ఒకే దినాన పెట్టాడు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు. పదిహేను మంది బయలుదేరగా పన్నెండు మంది గమ్యం చేరారు. ప్రథముడైన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది. ఈ దూరాలలో సరిగ్గా సగం ఉండే పోటీలు తరువాతి కాలంలో వచ్చాయి. వాటిలో ఈత 1.9, సైకిలు 90, పరుగు 21.1 కిలోమీటర్లు, మొత్తం ఎనిమిదిన్నర గంటలలో ముగించాలి. అటువంటి పోటీ ఒకటి గోవాలోని మీరామార్ సముద్రతీరాన 2019లో మొదలైంది.

నలభై నాలుగవ ఏట, రక్తంలో చక్కెర హద్దు మీద ఉన్నదని వైద్యుడు హెచ్చరించిన నాడు, ఏదో ఒక గట్టి పని తలకెత్తుకుంటే తప్ప ఈ శరీరం కదలదని నిశ్చయించుకొని ఆ పోటీని ఎంచుకున్నాను. ఈత చిన్ననాడు మా ఊరి మోటబావిలో అబ్బింది. పరుగు కష్టమే అయినా మెల్లగా అలవడింది. ఇక సైకిలు సంగతి ఆలోచించనే లేదు. అది మా ఇంటి విద్య అనుకున్నాను. పోటీ దూరంలో ఐదింట నాలుగు వంతులు సైకిలు మీదనే గడుస్తుందన్న లెక్క తెలిసి కూడా ఆ భాగానికే తక్కువ బుద్ధి ఉపయోగించాను.

మా ఇంటి విద్య అని ఎందుకన్నానో చెప్పాలి. మా నాయన వికారాబాదు చుట్టుప్రక్కల పల్లెలలో సైకిలు మీద బట్టలు అమ్మేవాడు. వెనుక క్యారియరు మీద చీరలు, లుంగీలు, పిల్లల గౌన్ల మూట. ముందు కడ్డీకి గజంబద్ద. ఎండాకాలం తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడిన పిదప ఇల్లు చేరేవాడు. ఆయన ఎంత మెల్లగా తొక్కేవాడంటే, "మీ నాయన సైకిలు కంటె ఎడ్లబండి ముందు పోతది" అని నా తోటి పిల్లలు నవ్వేవారు. నాకు సిగ్గు వేసేది. ఒకసారి ఆయన బడి ముందర నుండి పోతుండగా నన్ను చూసి గంట మోగిస్తే, ముఖం తిప్పుకొని లోపలికి వెళ్లిపోయాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

కాబట్టి నేను సైకిలు కొన్నప్పుడు, మెల్లగా తొక్కరాదన్నదే నా మొదటి నియమమైంది. ఆరు నెలల పాటు ప్రతి ఉదయమూ నాకొక పందెం. నిన్నటి కాలం కంటె ఈనాటి కాలం ఒక్క నిమిషమైనా తగ్గవలసిందే. గట్టి గేరు వేసి, నిమిషానికి యాభై ఐదు అరవై చుట్ల కంటె పెడళ్లు తిరగకుండా, తొడల బలంతో త్రొక్కేవాడిని. ఇల్లు చేరేసరికి మాట వచ్చేది కాదు. మోకాలు నొప్పి పెట్టేది. తరగతిలో కుర్చీ వెతుక్కునేవాడిని. అయినా చేతి గడియారం చూపే వేగాన్ని చూసి మురిసిపోయేవాడిని. బయలుదేరే ముందు సహోపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి పూలదండ వేసి సాగనంపారు.

గోవాలో ఈత సజావుగా సాగింది. 58 నిమిషాలు పట్టింది. సైకిలు ఎక్కగానే వెనుకగాలి తోడైంది. మొదటి 45 కిలోమీటర్లు గంటా 24 నిమిషాలలో దాటాను. నన్ను దాటబోయిన ప్రతివానినీ తిరిగి దాటాను. ఈ పోటీలో ముందువాని వెనుక నక్కి గాలి తప్పించుకోవడం నిషిద్ధం. ఎవరి గాలిని వారే చీల్చుకోవాలి. తిరుగు దారిలో ఆ గాలే ఎదురైంది. ఎండ ముదిరింది. రెండవ సగానికి గంటా 52 నిమిషాలు పట్టింది. సీసాలోని నీరు త్రాగాలని గాని, జేబులోని ఖర్జూరాలు తినాలని గాని ఆ తొందరలో తోచలేదు. మొత్తం 3 గంటల 16 నిమిషాలకు సైకిలు దిగినప్పుడు, ఇకపై నడిచినా చాలు, నాలుగు గంటల వ్యవధి ఉన్నదని సంతోషించాను. కాని కాళ్లు నావి కావు. ఐదవ కిలోమీటరు వద్ద పిక్కలు పట్టాయి. తొమ్మిదవ కిలోమీటరు వద్ద వాంతి అయింది. పన్నెండవ కిలోమీటరు దాటాక ఒక చెట్టు క్రింద కూర్చున్నాను. లేవలేదు. సహాయకులు వచ్చి కాలికున్న పట్టీ విప్పి తీసుకున్నారు. ఆ పట్టీ పోయిందంటే పోటీ ముగిసినట్లే.

1982లో జూలీ మాస్ అనే అమెరికన్ విద్యార్థిని తన వ్యాయామశాస్త్ర పరిశోధన నిమిత్తం హవాయి పోటీలో పాల్గొని, అందరికంటె ముందు నడుస్తూ, గమ్యానికి కొద్ది గజాల దూరంలో కూలిపోయింది. వెనుకనున్న క్యాథలీన్ మెకార్ట్నీ ఆమెను దాటి గెలిచింది. జూలీ మోకాళ్ల మీద, చేతుల మీద ప్రాకుతూ గీత దాటింది. ఆ కథను నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నా వంతు వచ్చినప్పుడు నేను ప్రాకలేదు. ఆ మాట కూడా వ్రాసి తీరాలి.

కళాశాలకు తిరిగి వచ్చిన నాడు ఎవ్వరూ ఏమీ అడగలేదు. ఆ మౌనమే ఎక్కువ బాధించింది. ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. నాయనకు ఇప్పుడు ఎనభై ఏళ్లు. అరుగు మీద కూర్చొని సంగతంతా విని ఒక్కటే అడిగాడు.

"సైకిల్ దిగినంక కాళ్లు లేసినయా?"

"లేవలేదు నాయనా."

"అయితే నువ్వు జల్ది జల్ది తొక్కినవ్ కొడుకా. నేను దిగినంక మూట ఇప్పాలె, బేరం జెయ్యాలె, మల్ల కట్టాలె, ఇంకో ఊరికి పోవాలె. దిగినంక పని ఉన్నోడు ఉరుకడు."

ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద నేను వ్రాస్తున్న సూత్రాన్ని ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. గాలి నిరోధబలం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ నిరోధాన్ని జయించే సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. నిశ్చలమైన గాలిలో గంటకు 24 కిలోమీటర్ల నుండి 32 కిలోమీటర్లకు వేగం పెంచితే, వేగం పెరిగింది మూడవ వంతే. కాని గాలికి చెల్లించే మూల్యం రెండింతలు మించిపోతుంది. విద్యార్థులకు ఈ లెక్క చేయించి మార్కులు వేసినవాడిని, నా కాళ్ల విషయంలో ఆ లెక్క మరచాను.

ఇక శరీరశాస్త్రం చెప్పేది కూడా ఇదే. మన కండరాలలోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే చక్కెర సుమారు అర కిలో. రొప్పుతూ తొక్కేవాడు దానినే ఎక్కువగా ఖర్చు పెడతాడు. కొద్ది గంటలలోనే సంచి ఖాళీ అవుతుంది. నిదానంగా తొక్కేవాడు ఎక్కువ పాలు కొవ్వును వాడుకుంటాడు. అది సన్నని మనిషి శరీరంలో సైతం కిలోల కొద్దీ ఉంటుంది. అయితే కొవ్వును మండించడానికి ప్రాణవాయువు కావాలి. దానిని వినియోగించే మైటోకాండ్రియాలు కణాలలో సమృద్ధిగా ఉండాలి. 1967లో జాన్ హాలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాల తరబడి పరుగెత్తించి, వాటి కండరాలలోని మైటోకాండ్రియాల ఎంజైములు దాదాపు రెట్టింపు కావడాన్ని నిరూపించాడు. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపడం, కండరాలలో సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకోవడం కూడా ఇట్లాగే నెలల మీద జరిగే పనులు. ఇవేవీ ఒక్క ఉదయపు వీరావేశంతో రావు. రొప్పకుండా తొక్కిన గంటలు ఒకదాని మీద ఒకటి పేరుకొనగా వస్తాయి.

పాతనగరంలో నా సైకిలు బాగుచేసే ఉస్తాద్ ఒకరున్నారు. సీటు మరీ క్రిందికి ఉన్నదని ఆయనే చూసి పైకి లేపారు. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలన్నారు. నేను తొక్కుతుంటే చూసి, "సాబ్, జోర్ సే నక్కో, సుర్ సే చలావో" అన్నారు. బలంతో వద్దు, శ్రుతితో నడపండి అని ఆ మాటకర్థం. ఆ నాటి నుండి తేలిక గేరు వేసి, నిమిషానికి 80, 85 చుట్లు పెడలు తిరిగేటట్లు అలవాటు చేసుకున్నాను. మొదట కోడిపిల్ల కాళ్లాడించినట్లు ఉండేది. రెండు నెలలకు మోకాలి నొప్పి మాయమైంది.

తరువాతి పదకొండు నెలల సాధన క్రమం ఇది. వారానికి నాలుగు దినాలు సైకిలు. వానిలో మూడు దినాలు, ప్రక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నిదానం. మాట తెగితే వేగం తగ్గించవలసిందే. నార్సింగి వద్ద బాహ్య వలయ రహదారి ప్రక్కన, 2023లో ప్రారంభమైన సైకిలు బాట ఉన్నది. పైన సౌరఫలకాల కప్పు, ప్రక్కన లారీల భయం లేని దారి. కళాశాలకు వచ్చే ముందు అక్కడ గంట సేపు తొక్కేవాడిని. గురువారం ఒక్కనాడు మాత్రం ఐదు నిమిషాల చొప్పున నాలుగు సార్లు గట్టిగా, నడుమ మూడేసి నిమిషాల నిదానంతో తొక్కేవాడిని. గట్టి పని అసలే వద్దనడం లేదు. అన్నంలో ఉప్పు ఎంతో అది అంత. ఆదివారం దూర ప్రయాణం. 40 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి ఐదేసి కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాల్గవ వారం తగ్గించి, శరీరానికి మరమ్మతు చేసుకునే వ్యవధి ఇస్తూ, చివరకు 110 వరకు వచ్చాను.

ఆదివారాల దారి మెహదీపట్నం నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు, అక్కడి నుండి ఓపిక ఉన్న నాడు వికారాబాదు వైపుకు. రోడ్డుకు రెండు ప్రక్కల పెద్ద పెద్ద మర్రిచెట్లు నిలిచిన దారి అది. మా నాయన తిరిగిన దారులు కూడా ఆ వైపువే. అనంతగిరి గుట్ట ఎక్కేచోట ఆయన సైకిలు దిగి నడిపించుకొని పోయేవాడని గుర్తు. నేను అన్నిటికంటె చిన్న గేరు వేసి కూర్చొనే ఎక్కేవాడిని. నా సైకిలుకు గేర్లున్నవి, ఆయన సైకిలుకు లేవు. మా ఇద్దరికీ గల తేడా అంతే.

ఈ సాధనలో అన్నిటికంటె కష్టమైనది గుట్ట కాదు, ఎండ కాదు, సిగ్గు. మొదటి నెలలలో నా మాటాడే వేగం గంటకు 19 కిలోమీటర్లు. పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లు నన్ను దాటేవి. బడిపిల్లలు దాటి వెనుదిరిగి చూసి నవ్వేవారు. ఒకనాడు నా తరగతి విద్యార్థే మామూలు సైకిలు మీద నన్ను దాటి, గుర్తుపట్టి, గౌరవం కొద్దీ వేగం తగ్గించి వెనుకకు వచ్చాడు. "పోవయ్యా, పో" అన్నాను. మనసులో మాత్రం ఏదో కలుక్కుమన్నది. నన్ను చూసి నాయన గంట మోగించిన ఆ ఉదయం జ్ఞాపకం వచ్చింది.

అయినా పట్టుదలతో కొనసాగించాను. ఐదవ నెలకు అదే ఊపిరితో వేగం 22 అయింది. తొమ్మిదవ నెలకు 24 దాటింది. ఉదయం నిద్ర లేవగానే చూసుకునే నాడి 76 నుండి 62కు దిగింది. చక్కెర హద్దు లోపలికి వచ్చింది. తొక్కుతూ తినడం కూడా ఒక విద్యేనని తెలుసుకున్నాను. ఇరవై నిమిషాలకొకసారి రెండు ఖర్జూరాలు, లేదా అరటిపండు ముక్క, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మనీరు. ఆకలి వేసిన తరువాత తింటే ఆలస్యమైనట్లే. ఆదివారం సైకిలు దిగిన వెంటనే, బట్టలైనా మార్చకుండా, ఇరవై నిమిషాలు పరుగెత్తేవాడిని. మొదట కాళ్లు కొయ్య ముక్కలవలె కదిలేవి. పోను పోను అవి ఈ మార్పును అర్థం చేసుకున్నాయి. పోటీకి రెండు వారాల ముందు నుండి సాధన సగానికి తగ్గించాను. అప్పటి వరకు కూడబెట్టినది నిలవాలంటే అప్పుడు విశ్రాంతి కావాలి.

రెండవసారి వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పలేదు. మీరామార్ తీరాన అదే సముద్రం, అదే ఎండ. ఈతకు మళ్లీ 58 నిమిషాలే. సైకిలు ఎక్కిన మొదటి గంటలో నన్ను దాటిపోయినవారిని లెక్కపెట్టడం మానుకున్నాను. ప్రతివాడూ దాటినప్పుడు పాదాలు దురద పెట్టేవి. "దిగినంక పని ఉన్నది" అని పైకే అనుకుంటూ నిమ్మనీరు త్రాగాను. ఎదురుగాలిలో వేగం పడిపోయినా శ్రమ పెంచలేదు. 90 కిలోమీటర్లకు 3 గంటల 38 నిమిషాలు పట్టింది. మొదటిసారి కంటె 22 నిమిషాలు ఆలస్యం. సైకిలు దిగాను. కాళ్లు లేచాయి.

పరుగులో పన్నెండవ కిలోమీటరు దాటాక ఆ చెట్టు వచ్చింది. దాని క్రింద మరొక యువకుడు తల పట్టుకొని కూర్చొని ఉన్నాడు. నిలబడి, నా వద్ద మిగిలిన ఖర్జూరాలు అతని చేతిలో పెట్టి, "ఐదు నిమిషాలు కూర్చో, తరువాత నడు, చాలా సమయం ఉన్నది" అన్నాను. అతడు పూర్తి చేశాడో లేదో నాకు తెలియదు. నేను 7 గంటల 39 నిమిషాలకు గీత దాటాను. గెలిచినవారు ఎన్నడో భోజనం ముగించి ఉంటారు. ఆ రాత్రి నాయనకు ఫోను చేశాను.

"దిగినంక నడిచినవా?" అని అడిగాడు.

"ఉరికిన నాయనా."

కొంతసేపు మాట లేదు. తరువాత, "ఇంటికొచ్చినప్పుడు సైకిల్ తీస్కరా, సూస్త" అన్నాడు. తీసుకువెళ్లాను. గేర్లు చూశాడు, టైర్లు నొక్కి చూశాడు, సన్నని సీటు చూసి నవ్వాడు. "గంట లేదేంది?" అన్నాడు. మరునాడే ఉస్తాద్ వద్దకు వెళ్లి గంట పెట్టించుకున్నాను.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఈ ఏడు పరీక్ష తప్పారు. కారణం తెలివి లేకపోవడం కాదు. చాలామంది నావలెనే చివరి నెలలో రొప్పుతూ పరుగెత్తి, పరీక్ష దినానికి ఖాళీ సంచితో వచ్చారు. దినానికి గంట చొప్పున, ఎవరూ మెచ్చుకోని నిదానంతో చదివిన చదువు ఎక్కడికీ పోదు. నేను రెండుసార్లు కూర్చొన్న పరీక్ష నుండి మీకివ్వగల సాక్ష్యం ఇంతే.

ప్రతి ఆదివారం ఉదయం ఐదున్నర గంటలకు కళాశాల ద్వారం వద్ద ఉంటాను. ఏ సైకిలైనా సరే తీసుకొని రావచ్చు, గేర్లు అక్కరలేదు. నియమం ఒక్కటే. తొక్కుతున్నంతసేపు మాట్లాడుకుంటూ రావాలి. మాట తెగినవాని కోసం అందరూ ఆగాలి.